మట్టి రేసు కార్ల వెనక ఇరుసు కథ, మన ట్రాక్టర్ దాకా

ఇవాళ్టి పోస్టు కాస్త పొడుగే. పని లేనప్పుడు నిదానంగా చదవండి. ఎరువుల ధర గురించో, మార్కెట్ యార్డు గురించో కాదు. అమెరికాలో మట్టి బాటల మీద పరిగెత్తే రేసు కార్ల గురించి. "మనకెందుకయ్యా ఈ కార్ల గోల" అనుకోకండి. ఆ రేసులు పెరిగింది పల్లె తిరునాళ్లలో. వాటిని నడిపినవాళ్లలో పొలం పనివాళ్లు, మిల్లు పనివాళ్లు, రిపేరు షాపుల వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు నూట పాతికేళ్లుగా తంటాలు పడి నేర్చుకున్న కిటుకు ఒకటుంది. ఆ కిటుకు మన ట్రాక్టర్ వెనక కూడా ఉంది. అది తెలియక ట్రాక్టర్ వెనక్కి తిరగబడి ప్రాణాలు పోయిన రైతుల కబురు మనం వింటూనే ఉన్నాం. అందుకే రాస్తున్నా.

కిటుకు చెప్పడానికి ఒక్క ముక్క చాలు: మట్టి మీద పట్టు ఇంజను బలంతో రాదు, బరువు ఏ చక్రం మీద ఎప్పుడు పడుతోంది అనేదాన్ని బట్టి వస్తది. వినడానికి తేలిగ్గానే ఉంది గదా. దాన్ని ఇనుములో చేసి చూపించడానికి మాత్రం తరాలు పట్టింది.

మొదలు తిరునాళ్లతోనే పెడదాం. అమెరికాలో చాలా రాష్ట్రాలకీ, చాలా జిల్లాలకీ ఏటా పంటల కాలంలో ఒక ఫెయిర్ జరుగుతది. పశువుల పోటీలు, పంటల ప్రదర్శన, గుర్రప్పందేలు, తినుబండారాలు అన్నీ ఉంటాయి. మన తిరునాళ్లు, పశువుల సంత కలిపినట్టు అనుకోండి. గుర్రప్పందేల కోసం చాలా మైదానాల్లో ఒక మైలో, అర మైలో పొడవున కోడిగుడ్డు ఆకారంలో మట్టి బాట ఉండేది. కార్లు వచ్చిన కొత్తలో వాటిని పందెం తోలాలంటే వేరే చోటే లేదు. 1896 సెప్టెంబరులో రోడ్ ఐలాండ్ రాష్ట్ర ఫెయిర్‌లో, నారగాన్సెట్ పార్కు గుర్రాల బాట మీద కార్ల పందెం పెట్టారు. అమెరికాలో గుండ్రటి బాట మీద జరిగిన మొదటి కార్ల రేసు అదే. గెలిచింది పెట్రోలు బండి కూడా కాదు, రైకర్ అనే కరెంటు బండి!

ఆరేళ్లు దాటాక చూడండి. హెన్రీ ఫోర్డ్ ఇంకా పెద్దవాడు కాలేదు. టామ్ కూపర్ అనే సైకిలు పందెగాడితో కలిసి '999' అనే రేసు కారు కట్టాడు. దాని ఇంజను 18.9 లీటర్లు. మన 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఇంజను సుమారు 3 లీటర్లు ఉంటది, లెక్క వేసుకోండి. అంత ఇంజను పెట్టి, వెనక ఏం పెట్టారో తెలుసా? ఏమీ పెట్టలేదు. వెనక కమాను కట్టలు లేవు, స్ప్రింగులు లేవు, డిఫరెన్షియల్ లేదు. ఇరుసు నేరుగా ఫ్రేముకే బిగించేశారు. స్టీరింగు బదులు ఒక అడ్డ కడ్డీ. 1903 జూన్‌లో ఇండియానా రాష్ట్ర ఫెయిర్ మైదానంలో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ ఆ బండిని తోలి, మైలు మట్టి బాటని 59.6 సెకన్లలో చుట్టాడు. గుండ్రటి బాట మీద మైలును నిమిషం లోపు చుట్టిన మొదటివాడు ఆయనే. దేశమంతా పేరు మోగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో డెట్రాయిట్ దగ్గర ఇంకో రేసులో ఆయన నడుపుతున్న కారు అదుపు తప్పింది. చూడ్డానికి వచ్చిన ఒక మనిషి చనిపోయాడు. బలం ఉంది, దాన్ని నేలకి ఎట్లా అప్పజెప్పాలో ఇంకా తెలియదు. ఆ రోజుల పరిస్థితి అది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మలుపు తిరగడంలో ఉన్న చిక్కు ఏంటో చూద్దాం. కళ్లంలో బంతి తొక్కించిన రోజులు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటది. రాటకి దగ్గరగా ఉండే ఎద్దు చిన్న చిన్న అడుగులేస్తే చాలు, బయట వైపు ఎద్దు మాత్రం పెద్ద చుట్టు తిరగాలి. బండి చక్రాలదీ అదే లెక్క. మలుపులో లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటి చక్రం ఎక్కువ తిరగాలి. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దాని మీద దేనికదే తిరుగుతాయి. ఇంజను బండికి మాత్రం చక్రాన్ని ఇరుసే తిప్పాలి. అందుకే మధ్యలో డిఫరెన్షియల్ పెడతారు.

అయితే డిఫరెన్షియల్‌కి ఒక జబ్బుంది. దమ్ములో మనం రోజూ చూసేదే. ఒక చక్రం బురదలో దిగబడి ఉత్తినే తిరుగుతుంటది, రెండోది గట్టి నేల మీదున్నా కదలదు. అప్పుడు మనమేం చేస్తాం? డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాం. రెండు చక్రాలూ ఒకటై పోతాయి, బండి ముందుకు వస్తది. మరి లాక్ తొక్కి ఉంచి మలుపు తిప్పి చూడండి, బండి మాట వినదు, తిన్నగానే పోతానంటది.

మట్టి రేసు కారుది ఈ రెండు బాధలూ ఒకేసారి. మట్టి మీద రెండు చక్రాలూ తొయ్యాలి, లేకపోతే లోపలి చక్రం గాల్లో తిరుగుతది. కాబట్టి లాక్ ఉండాల్సిందే. అదే సమయంలో రేసంతా మలుపులే, అదీ ఎప్పుడూ ఎడమకే. లాక్ వేసిన ఇరుసుతో ఎడమకి ఎట్లా తిరగాలి? మట్టి రేసు కార్ల చరిత్రలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్నకి వెతుకులాటే.

1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. 1927 దాకా కోటిన్నర బండ్లు చేశారు. ఇరవైలలో, ముప్పైలలో పాత మోడల్ టీ బండి పల్లెల్లో చవగ్గా దొరికేది. బాడీ పీకేసి, ఇంజను తలకాయ మార్చి, ఫెయిర్ మైదానంలో పందేనికి దింపేవాళ్లు. దాని వెనక కమాను కట్ట ఒక్కటే, అదీ మన లారీలకున్నట్టు పొడుగునా కాకుండా, ఇరుసుకి సమాంతరంగా అడ్డంగా ఉండేది. గుర్రబ్బండి నుంచి వచ్చిన పద్ధతి అది. ఒకే కట్ట కావడంతో బండి అటూ ఇటూ ఊగేది. కానీ పందెగాళ్లు ఒక సంగతి గమనించారు. కట్టలో పట్టీలు తీసినా, చేర్చినా, బండి మలుపు తిరిగే తీరే మారిపోతది. ముందు చక్రాలు ముట్టుకోకుండానే! అంటే బండిని తిప్పేది స్టీరింగ్ ఒక్కటే కాదు, వెనక భాగం కూడా. అప్పట్లో ఈ తిరునాళ్ల రేసుల్ని ఊరూరా నడిపించిన సంస్థల్లో ఐఎంసీఏ ఒకటి. అది 1915లో పుట్టింది. దాని పేరు గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తది.

ఇప్పుడు కథ దక్షిణాదికి, నార్త్ కరోలినా కొండలకి మారుద్ది. అక్కడి పేద రైతులు కొందరు మొక్కజొన్నతో దొంగసారా కాచి, రాత్రిళ్లు కార్లలో పట్నాలకి చేరేసేవాళ్లు. మన నాటుసారా లాంటిదే. కారులో సరుకు నింపితే వెనక భాగం కుంగుద్ది. కుంగిన కారుని పోలీసు దూరం నుంచే పసిగడతాడు, పైగా మలుపుల్లో ఆ కారు ఊగిపోద్ది. అందుకని వెనక కమాను కట్టల్ని గట్టిపరిచేవాళ్లు. సరుకు దింపేశాక ఆ కారు మట్టి రోడ్ల మలుపుల్లో భలేగా పట్టు చూపించేది. వాళ్లలో కొందరు రేసులకి దిగారు.

1948లో నాస్కార్ అనే సంస్థ పుట్టింది. కొత్త కార్లని ఉన్నవి ఉన్నట్టుగా, ఏ మార్పూ లేకుండా పందెం తోలాలని ఒక తరగతి పెట్టింది. దాని మొదటి రేసు 1949 జూన్ 19న షార్లెట్‌లో, ముప్పావు మైలు మట్టి బాట మీద జరిగింది. గ్లెన్ డనవే అనే ఆయన ఫోర్డు కారులో అందరికంటే ముందు గీత దాటాడు. రేసయ్యాక తనిఖీ చేస్తే, వెనక స్ప్రింగులు సారా బండ్ల పద్ధతిలో మార్చి ఉన్నాయి! గెలుపు రద్దు చేశారు. లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌కి బహుమతి ఇచ్చారు. ఆయనది కాన్సస్. డనవే కారు యజమాని కోర్టుకెక్కాడు. కోర్టు సంస్థ వైపే నిలబడింది. ఇవాళ కోట్ల డాలర్ల వ్యాపారమైన నాస్కార్‌లో ఆ తరగతి మొట్టమొదటి గెలుపోటములు తేల్చింది ఇంజను కాదండీ, వెనక కమాను కట్ట. ఆ కోర్టు తీర్పుతో ఇంకో సంగతి కూడా తేలిపోయింది. రూలు పెట్టేది సంస్థే, పాటించకపోతే గెలిచినా గెలిచినట్టు కాదు.

సరే, లాక్ వేసిన ఇరుసుతో ఎడమకి తిరగడం ఎట్లా అన్నాను గదా. దాని జవాబు మీ ఇంటి వంటగదిలోనే ఉంది. స్టీలు గ్లాసు తీసుకుని నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుద్ది. ఎందుకంటే గ్లాసు మూతి పెద్దది, అడుగు చిన్నది. రెండూ ఒకే లోహం, కలిసే తిరుగుతాయి, కానీ మూతి వైపు ఎక్కువ దూరం పోతది. రేసు కారు వెనక కూడా ఇదే చేశారు. కుడి టైరు పెద్దది, ఎడమ టైరు చిన్నది. ఇరుసు లాక్ అయ్యే ఉంటది, అయినా బండి తనంతట తనే ఎడమకి తిరుగుద్ది. దీన్ని వాళ్లు స్టాగర్ అంటారు. రెండు టైర్ల చుట్టుకొలతల తేడా అన్నమాట. నార్త్ కరోలినాలో కన్నాపొలిస్ అనే ఊరు ఉంది, బట్టల మిల్లుల ఊరు. అక్కడ మిల్లు పని వదిలేసి రేసులే బతుకుగా చేసుకున్న రాల్ఫ్ ఎర్న్‌హార్ట్, ఈ కిటుకుని ముందుగా అర్థం చేసుకుని వాడినవాళ్లలో ఒకడని చెప్తారు. 1956లో ఆయన నాస్కార్ స్పోర్ట్స్‌మన్ ఛాంపియన్. తర్వాత రోజుల్లో పెద్ద పేరు తెచ్చుకున్న డేల్ ఎర్న్‌హార్ట్ ఈయన కొడుకే. ఒకే సైజు అని అమ్మిన టైర్లలో కూడా టేపుతో కొలిస్తే కొంచెం తేడా ఉంటది, గాలి పెంచితే ఇంకొంచెం తేడా వస్తది. మిల్లు కార్మికుడి దగ్గర డబ్బు లేదు, టేపు ఉంది. దానితోనే పని నడిపాడు. ఇవాళ స్ప్రింట్ కార్లలో ఈ తేడా పది అంగుళాలు దాటే రోజులూ ఉంటాయి.

రెండో చిక్కు గేర్లది. చిన్న బాటకి ఒక గేరు కావాలి, పెద్ద బాటకి ఇంకోటి. ఒక్కో ఊరికి ఒక్కోసారి క్రౌన్ పినియన్ మార్చాలంటే రోజంతా పని. టెడ్ హాలిబ్రాండ్ అనే ఆయన రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక దీనికి విరుగుడు తెచ్చాడు. ఇరుసు హౌసింగ్ వెనక ఒక మూత. మూత తీస్తే లోపల రెండు చిన్న పళ్లచక్రాలు. వాటిని పీకి వేరే జత పెడితే గేరు మారిపోద్ది, నిమిషాల పని. 'క్విక్ చేంజ్' అని పేరు. మట్టి రేసు కార్లలో అదే పద్ధతి ఇవాళ్టికీ నడుస్తోంది.

మూడోది స్ప్రింగు. 1950ల తర్వాత స్ప్రింట్ కార్లలో టోర్షన్ బార్ పద్ధతి బాగా స్థిరపడింది. పేరు చూసి బెదిరిపోకండి. తడిబట్ట పిండినప్పుడు మెలిపడుద్ది గదా, అట్లాగే ఒక ఉక్కు కడ్డీ మెలిపడి, మళ్లీ తిన్నబడుద్ది. అంతే, అదే స్ప్రింగు. ఫ్రేములో అడ్డంగా ఒక గొట్టంలో ఉంటది. ఒక కొసని కదలకుండా పట్టేస్తారు, రెండో కొసకి ఒక చెయ్యి తగిలించి ఇరుసు మీద ఆనిస్తారు. గట్టిగా కావాలంటే లావు కడ్డీ, మెత్తగా కావాలంటే సన్న కడ్డీ. ఇక్కడ ఒక లెక్కుంది. కడ్డీ మందం పదో వంతు పెంచితే గట్టిదనం పదో వంతు పెరగదు, ఇంచుమించు సగం పెరుగుద్ది. అందుకే నూలుపోగంత తేడా ఉన్న కడ్డీలని కూడా వేరువేరుగా అర పెట్టెలో సర్దుకుని రేసుకి పోతారు.

అంత సూక్ష్మం ఎందుకు అంటే, నేల మారుద్ది కాబట్టి. ఇది మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అయోవా రాష్ట్రంలో నాక్స్‌విల్ అనే చిన్న ఊరుంది. చుట్టూ మొక్కజొన్న, సోయా పొలాలు. ఆ ఊరి ఫెయిర్ మైదానంలో అర మైలు నల్లమట్టి బాట ఉంది. జిగురు నేల, తడిస్తే కాలికి అంటుకుపోయేది, మన నల్లరేగడిని గుర్తు చేస్తది. 1961 నుంచి అక్కడ నాక్స్‌విల్ నేషనల్స్ అనే స్ప్రింట్ కార్ల పోటీ జరుగుతోంది. ఆ రంగంలో అంతకంటే పెద్ద పోటీ లేదు. రేసుకి ముందు ఆ బాటని సిద్ధం చేసే పని చూస్తే పొలం పనే అనుకుంటారు. ట్రాక్టర్‌తో దున్నుతారు, నీళ్లు పెడతారు, తేమ లోపలికి దిగేదాకా ఆగుతారు, రోలర్ తిప్పుతారు, ఆ తర్వాత కార్లనే నెమ్మదిగా తిప్పి నేలని అదుముతారు. తేమ ఎక్కువైతే బురద, తక్కువైతే దుమ్ము. పదును తెలిసినవాడే ఆ పని చెయ్యగలడు.

సాయంత్రం మొదలెట్టేటప్పుడు నేల పదునుగా ఉంటది, టైరుకి గట్టిగా పట్టు దొరుకుద్ది. ఆ పట్టుకి కారు కుడి పక్కకి బాగా ఒరుగుద్ది, ఏమరిస్తే ఎడమ చక్రాలు లేచి బోల్తా పడుద్ది. కాబట్టి ఆ వేళకి కుడి వెనక కడ్డీ గట్టిది వేస్తారు, కుడి వెనక చక్రాన్ని బయటికి జరిపి కాళ్లు వెడల్పు చేస్తారు. రాత్రి అసలు రేసు వేళకి నేల ఎండి, నున్నగా మెరుస్తుంటది, సిమెంటు గచ్చు మీద పిండి చల్లినట్టు. అప్పుడు కడ్డీలు మెత్తవి వేస్తారు, కుడి చక్రాన్ని లోపలికి జరుపుతారు. కారు కాస్త ఒరగాలి, ఒరిగితేనే ఆ చక్రం మీద బరువు పడుద్ది, బరువు పడితేనే పట్టు. టైర్లలో గాలి తగ్గిస్తారు, స్టాగర్ కూడా తగ్గిస్తారు. గమనించారా? ఒకే కారు, ఒకే నడిపేవాడు, ఒకే రాత్రి. సాయంత్రం గెలిపించిన అమరికే రాత్రికి ఓడిస్తది. ఆ కార్లకి సుమారు 900 హెచ్‌పీ ఉంటది, మనిషితో కలిపి బరువు 650 కిలోల దరిదాపు. అంత బలం ఉన్నా, నున్నటి నేల మీద పట్టు లేకపోతే చక్రం ఉత్తినే గిర్రున తిరుగుద్ది.

బరువు పంచడానికి ఇంకో చిట్కా ఉంది. నాలుగు కాళ్ల మంచం తీసుకోండి. ఒక కాలి కింద పెంకుముక్క పెట్టండి. ఏమవుద్ది? ఆ కాలి మీద, దానికి మూలగా ఎదురున్న కాలి మీద బరువు పడుద్ది, మిగతా రెండు తేలికవుతాయి. రేసు కారులో ప్రతి చక్రం దగ్గరా తిప్పే బోల్టు ఒకటి ఉంటది. ఎడమ వెనక బోల్టు బిగిస్తే ఎడమ వెనక, కుడి ముందు చక్రాల మీద బరువు పెరుగుద్ది. నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు పెట్టి తూచి మరీ సర్దుతారు. కారు మొత్తం బరువు ఒక్క కిలో మారదు, మలుపు తిరిగే తీరు మాత్రం పూర్తిగా మారుద్ది.

ఇక అసలైన భాగానికి వద్దాం. ఇరుసుని ఫ్రేముకి పట్టి ఉంచే కడ్డీలు. లేట్ మోడల్ అనే తరగతి కార్లుంటాయి, రేకు బాడీ, వెయ్యి కిలోల పైచిలుకు బరువు. ఒహాయో రాష్ట్రంలో ఎల్డోరా అనే ప్రసిద్ధమైన మట్టి బాట ఉంది. ఎర్ల్ బాల్టెస్ అనే ఆయన 1954లో తయారు చేసింది. 1971 నుంచి అక్కడ వరల్డ్ 100 పేరుతో లేట్ మోడల్ కార్ల పోటీ జరుగుతోంది. ఈ కార్ల వెనక ఇరుసుకి ఒక్కో పక్క రెండేసి కడ్డీలు ఉంటాయి. ఇరుసు చక్రాన్ని తిప్పినప్పుడు, చక్రం కారుని ముందుకు తోస్తది. ఆ తోపు ఈ కడ్డీల గుండానే ఫ్రేముకి చేరాలి. కడ్డీ అడ్డంగా ఉంటే తోపంతా ముందుకే. కడ్డీ ముందు కొస పైకి ఉంటే, తోపులో కొంత భాగం ఫ్రేముని పైకెత్తుద్ది. ఫ్రేముని పైకెత్తితే దాని ఎదురుదెబ్బ టైరుని నేలకి అదుముద్ది. నిచ్చెన గోడకి ఆనించి ఎక్కినప్పుడు కింది కొస నేలని తన్నుతుంది చూడండి, అదే న్యాయం.

ఎడమ పక్క కడ్డీలకి ఆ వాలు బాగా ఇచ్చేసరికి ఏమైందంటే, గ్యాస్ తొక్కగానే కారు ఎడమ వెనక భాగం కోడిపుంజులా పైకి లేస్తది. లేచే కొద్దీ కడ్డీలు తిరిగి ఇరుసు ఎడమ కొసని ముందుకి లాగుతాయి. దానితో వెనక చక్రాలు రెండూ కాస్త కుడికి చూస్తాయి, తోక కుడికి పోద్ది, మూతి ఎడమకి తిరుగుద్ది. స్టీరింగ్ పని ఇరుసే చేస్తోందన్నమాట! అందుకే ఆ కార్లు ఫోటోల్లో ఒక పక్కకి లేచి, మూతి ఎటో, పోయేది ఎటో అన్నట్టు కనపడతాయి.

ఇక్కడే మన ట్రాక్టర్ వస్తది. 1917లో హెన్రీ ఫోర్డ్ ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తెచ్చాడు. చవక, లక్షల్లో అమ్ముడైంది. కానీ దానికో చెడ్డపేరుంది. నాగలి రాయికో, వేరుకో తగులుకుంటే చక్రాలు ఆగిపోయేవి. ఇంజను ఆగదు గదా, చక్రం తిరగకపోతే బండే ఇరుసు చుట్టూ తిరుగుద్ది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, ట్రాక్టర్ నడిపేవాడి మీదే పడేది. అట్లా రైతులు చనిపోయారు. ఉత్తర ఐర్లండ్ రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్ దీని మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు. నాగలిని గొలుసుతో లాగించకుండా మూడు కడ్డీలతో బండికి కలిపాడు. కింద రెండు లాగుతాయి, పైన ఒకటి, మనం టాప్ లింక్ అనేది, తోస్తది. నాగలి గట్టిగా పట్టుకుంటే ఆ పై కడ్డీ ట్రాక్టర్‌ని ముందుకి నెట్టి, ముందు చక్రాలని నేలకి అదుముద్ది. ఏ బలమైతే బండిని తిరగేసేదో, అదే బలాన్ని బండిని నిలబెట్టే పనికి పెట్టాడు. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో చేతిలో చెయ్యేసి ఒప్పందం చేసుకున్నాడు, 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ ఆ అమరికతో వచ్చింది. మన ఊళ్లలో మ్యాసీ అని పిలిచే మ్యాసీ ఫెర్గూసన్ బండి పేరులో ఉన్న ఫెర్గూసన్ ఈయనే. ఏ కంపెనీ ట్రాక్టర్ వెనక చూసినా ఇవాళ ఆ మూడు కడ్డీలే.

వెనక స్ప్రింగే లేని 999 కట్టించిన ఫోర్డు, ముప్పై అయిదేళ్ల తర్వాత వెనక కడ్డీల విలువ తెలిసి ఒక రైతుబిడ్డతో చెయ్యి కలిపాడు. రేసు కారుదీ ట్రాక్టర్‌దీ సూత్రం ఒకటే: తోపు ఏ కడ్డీ గుండా, ఏ కోణంలో పోతే, బరువు ఆ ప్రకారం పడుద్ది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే. ఈ కడ్డీలు, షాకులు, కాటాలు పెరిగే కొద్దీ ఖర్చు పెరిగింది. చిన్నవాడు వెనకపడ్డాడు. 1979లో అయోవాలోనే, వింటన్ అనే ఊరి బాట మీద, ఇందాక చెప్పిన ఐఎంసీఏ కొత్త తరగతి పెట్టింది. కీత్ నాక్ అనే ఆయన ఆలోచన అది. అందులో ఒక తమాషా రూలు: రేసయ్యాక, అర్హత ఉన్న పోటీదారుడు నిర్ణయించిన చిన్న మొత్తం కట్టి, గెలిచినవాడి ఇంజను అడిగి పట్టుకుపోవచ్చు! ఇక ఇంజను మీద లక్షలు ఎవడు పోస్తాడు? పోస్తే పక్కవాడికి పోసినట్టే. ఆ తర్వాత 1980లలో అయోవా రైతులు అప్పుల్లో మునిగి, వేల పొలాలు వేలానికి పోయాయి. ఆ గడ్డుకాలంలో కూడా ఈ తరగతి బతికింది, పెరిగింది, దేశమంతా పాకింది. ఇటీవల లేట్ మోడల్ పోటీలు నడిపే వాళ్లు కూడా ఎడమ వెనక భాగం ఎంత ఎత్తు లేవచ్చో హద్దు పెట్టారు. 1949లో వెనక స్ప్రింగుతో మొదలైన తగువు ఇంకా వెనక భాగం దగ్గరే ఉంది చూడండి. ఇంజనుకి హద్దు పెట్టాక, డబ్బు లేనివాడికి మిగిలిన దారి బరువుని తెలివిగా పంచుకోవడం. దానికి టేపు, పెంకుముక్క లాంటి ఆలోచన, నేల పదును తెలిసిన చెయ్యి ఉంటే చాలావరకు సరిపోద్ది.

మనం ఇందులోంచి పొలానికి తెచ్చుకోవాల్సినవి చెప్తా, దయచేసి కొడుకులకీ, జీతగాళ్లకీ చెప్పండి.

బరువు లాగేటప్పుడు గొలుసుగానీ తాడుగానీ కింద డ్రాబార్ హుక్కుకే కట్టండి. టాప్ లింక్ దగ్గర, ఇరుసు హౌసింగ్‌కి ఎప్పుడూ కట్టొద్దు. లాగే చోటు ఇరుసు కంటే పైకి పోయిందంటే, ఫెర్గూసన్ నిలబెట్టిన బండిని మనమే తిరగేసుకున్నట్టు. ముందు చక్రాలు లేచాక ఆలోచించే టైము ఉండదు.

దమ్ములో చక్రాలు దిగబడితే, చక్రానికి దుంగ కట్టి ముందుకి తొయ్యడం చాలా చోట్ల అలవాటు. చక్రం ఆగితే బండి తిరుగుద్ది అన్నది పైన చదివారు గదా. రివర్సులో రండి, లేదా ఇంకో బండితో ముందు నుంచి లాగించండి.

డిఫరెన్షియల్ లాక్ తిన్నగా పోయేటప్పుడే, నెమ్మదిగానే. బయటపడగానే వదిలెయ్యండి. మలుపులో, రోడ్డు మీద వద్దు. రేసు కారుకి పెద్ద టైరు, చిన్న టైరు ఉన్నాయి, మన బండికి లేవు. రోడ్డెక్కగానే రెండు బ్రేకు పెడళ్లూ కలిపి కొక్కెం వెయ్యడం మర్చిపోకండి.

వెనక బరువైన పనిముట్టు ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలికైపోతాయి. ముందు వెయిట్లు బిగించడం దండగ ఖర్చు కాదు. మంచం కాలి కింద పెంకుముక్క గుర్తు తెచ్చుకోండి, ఒక చోట ఎక్కితే ఇంకో చోట దిగుద్ది.

ఈసారి ట్రాక్టర్ వెనక నిలబడినప్పుడు ఆ మూడు కడ్డీలని ఒకసారి కళ్లారా చూడండి. ఎంతమంది మట్టి మనుషులు బుర్ర చించుకుంటే, ఎంతమంది ప్రాణాలు పోతే అవి అక్కడికి, ఆ కోణంలో వచ్చాయో. వాటికి కాస్త గ్రీజు పెట్టండి, వాటిని దాటి గొలుసు కట్టకండి. ఉంటా మరి.